చీకటి గదిలో నేను కట్టించిన తొట్టి

మొన్న ఆదివారం మా మనవరాలు తిరువళ్ళూరు నుంచి పాత ఎన్లార్జరొకటి ఆటోలో వేసుకుని తిరుత్తణిలో మా ఇంటికి వచ్చింది. ఫిల్ము మీది చిన్న బొమ్మను వెలుతురుతో పెద్దది చేసి కాగితం మీదికి దించే యంత్రమది. వాళ్ల తాత, అంటే మా ఆయన, వాడినది ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. ఆయన ఫోటోలు కడిగిన చీకటి గదిని మళ్ళీ తెరుస్తుందట. అక్కడే ఉన్న మా మరిది గోడవార పొడుగాటి సిమెంటు తొట్టిని తట్టి, "చూడుమ్మా, మీ తాత బుర్రే బుర్ర. ఇదంతా ఆయన ఐడియానే" అన్నాడు. అతనికని తెచ్చిన కాఫీ గ్లాసు ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయాను.

పోయిన మనిషిని అనకూడదు గానీ, ఆయన బుర్ర సంగతి నాకు తెలియదా? తిరువళ్ళూరులో ఒక స్టూడియో మూసేస్తున్నారని నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. రెండు యంత్రాలున్నాయి. మన గదిలో అటక కిందికుంది, పొట్టిది చాలన్నాను. "సుమ్మా ఉండుమే, నీకేం తెలుసు" అని నా నోరు మూయించి నిలువెత్తు దాన్నే ఏరుకున్నాడు. ఇంటికొచ్చాక అటక తగిలి దాని తల పైకి లేవక, దాన్ని పెట్టిన టేకు బల్ల కాళ్ళు జానెడు కోయించాడు. ఆ బల్ల నా పుట్టింటిది.

తొట్టి విషయంలో ఇంకా అన్యాయం. నున్నగా ఉందని, హోటల్లో చేతులు కడుక్కునే పింగాణీ బేసిన్ తెచ్చి బిగించాడు. కాగితం మీద బొమ్మ తేల్చే మందునీళ్ళ ట్రేలు మూడుంటే ఒక్కటీ అందులో పట్టదు. ఒకటి తెచ్చి నా రుబ్బురోలు మీద పెట్టాడు. ఆ వారం మా ఇంట్లో దోసెలు లేవు. బొమ్మలేమో ఆ గుండ్రటి బేసిన్లో ఒకదానికొకటి అతుక్కుని, మందు వదలకుండానే బయటికి వచ్చేవి.

అత్తిమంజేరిపేటలో మా పుట్టిల్లు నూలుకు రంగు వేసే ఇల్లు. నూలు జాడించే తొట్టి ఎలా ఉండాలో అక్షరాల కంటే ముందే నేర్చుకున్నాను. పొడుగ్గా, లోతు తక్కువగా, రెండు వేళ్ళ వాలుతో ఉండాలి. పై కొసన మంచినీళ్ళు పడాలి, కింది కొసన తేట నీళ్ళు వచ్చేదాకా జాడించాలి. చెబితే, "నూలు వేరే, ఫోటో వేరేమే" అన్నాడు. ఆయన పెళ్ళి ఫోటోలకని మింజూరు వెళ్ళిన మూడు రోజుల్లో మేస్త్రీని పిలిచి, జానలతో కొలిచి కట్టించేశాను. వచ్చి చూశాడు. ట్రేలు మూడూ వరసగా పెట్టుకుని, మిగిలిన చోట బొమ్మలు కడుక్కున్నాడు. మరుసటి వారం వచ్చిన స్నేహితుడితో, "నేనే నిలబడి కట్టించినా" అన్నాడు. ఆ స్నేహితుడికి కాఫీ ఇస్తున్నది నేనే.

ఇదంతా మరిది ముఖానే చెప్పాను.

"ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు వదినా?"

"ఇప్పుడే గదా నువ్వు మీ అన్న బుర్రే బుర్రన్నావు."

పెట్టెలోంచి రెండు బొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టాను. రెండింట్లోనూ నేనే, అదే చీర. బేసిన్లో కడిగినదాంట్లో ముఖమంతా పసుపు మచ్చ. తొట్టిలో కడిగినదాంట్లో ముక్కుపుడక రాయి కూడా తెలుస్తోంది. మనవరాలు రెండింటినీ వెలుతురుకు పట్టి చూసింది. "అవ్వా, కొత్త కొళాయి యాడ పెట్టించాలో నువ్వే చూపించు" అంది. చూపించాను. ఆ తర్వాతే మరిది కాఫీ వేడి చేసి ఇచ్చాను.

ఆ రెండు బొమ్మలూ ఆరేసిన రోజున ఒకేలా మచ్చ లేకుండా ఉండేవి. సరిగా కడగనిదేదో కాలం ఆ రోజే చెప్పదు. మనం మరిచిపోయామని అందరూ అనుకున్నాక, ఆ మచ్చను మెల్లగా పైకి తేలుస్తుంది.