తొమ్మిది సూత్‌ల బిట్టు

మా నాన్న ఇక పనికిరాడని డాక్టర్లు రాసిన తర్వాత ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. బొగ్గు బాయిల దగ్గర ఇది మామూలే. తండ్రి ఊపిరి తగ్గితే బిడ్డకు డ్యూటీ. నన్ను బాయి లోపలికి పంపకుండా పైన టూల్ రూమ్‌లో వేశారు. డ్రిల్లు బిట్లు, పానాలు అడిగినవాళ్లకు ఇవ్వడం, మళ్లీ తీసుకోవడం నా పని. ఇంటర్‌లో లెక్కలంటే నాకు ప్రాణం. అంకెలను చూసి బెదిరేవాళ్లంటే లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ పొగరే నా కొంప ముంచింది.

బిట్లకు ఒక కొలత ఉండదు. కొత్తవి మిల్లీమీటర్లలో వస్తాయి. పాతవి ఇంచుల్లో, అదీ మూడు బై ఎనిమిది, పదకొండు బై పదహారు అంటూ భిన్నాల్లో. సన్నవాటికి నంబర్లు, అక్కడ నంబరు పెరిగేకొద్దీ బిట్టు ఇంకా సన్నబడుతుంది. కొన్నింటి మీద ఉత్త ఇంగ్లీషు అక్షరమే ఉంటుంది. ఇవి చాలవన్నట్టు మెకానిక్కులకు సొంత కొలత ఒకటి, సూత్. ఇంచులో ఎనిమిదో వంతు ఒక సూత్. ఎవరైనా వచ్చి నాలుగు సూత్‌ల బిట్టు ఇయ్యమంటే అర ఇంచుది తీసివ్వాలి.

నాకు పని నేర్పింది రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒక ఫిట్టరు. అందరికీ ఆయన చాచా. ఇంచులను మిల్లీమీటర్లలోకి మార్చడానికి ఆయన ఏనాడూ కాగితం ముట్టలేదు.

"సూత్ అంటె మూడు ఎమ్మెమ్ బేటీ, గంతే," అనేవాడు. "గోడ మీది చార్టు చూసుకుంట కూసుంటె టైమ్ ఖరాబ్."

నిజానికి సూత్ మూడు మిల్లీమీటర్ల కంటే ఓ పిసరు ఎక్కువ. అది చాచాకూ తెలుసు. కానీ ఆయన చేసినవన్నీ రెండు మూడు సూత్‌ల పనులు, గేట్లకు, మిషన్ల మీది రేకులకు బోల్టు రంధ్రాలు. అక్కడ ఆ పిసరు ఎవరికీ అడ్డం రాలేదు. ఆయన రిటైరై వెళ్లిపోయాక ఆ లెక్క నా నాలుక మీద ఉండిపోయింది.

మా ఆయనదీ అదే బాయి. లోపల కప్పుకు బోల్టులు వేసే అయిదుగురి గ్యాంగులో పని. బొగ్గు తీసిన చోట నెత్తి మీది రాతిలోకి నిలువుగా రంధ్రం చేస్తారు. అందులో గట్టిపడే మందు పెట్టి, పొడుగాటి ఇనుప బోల్టును తిప్పుతూ ఎక్కిస్తారు. మందు గడ్డకట్టి రాతినీ బోల్టునూ పట్టుకోవాలి. మా దగ్గర రంధ్రం ఇరవై ఏడు మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పెద్దదైతే మందు చాలదు. కింది నుంచి చూస్తే బోల్టు బోల్టులాగే కనబడుతుంది, పట్టు మాత్రం ఉండదు.

ఆ వారం ఇరవై ఏడు బిట్లు అయిపోయాయి. జల్ది పంపమని లోపలి నుంచి చీటీ వచ్చింది. వెతికితే అలమారా అడుగున ఒక పాత డబ్బా దొరికింది. మీది కాగితం చెమ్మకు చీకిపోయింది గానీ లోపల బిట్లు నూనెలో మునిగి నిన్న చేసినట్టు మెరుస్తున్నాయి. ఎన్నేళ్లుగా అక్కడున్నాయో, ఇన్నాళ్లూ వాటిని ఎవరూ ఎందుకు ముట్టలేదో తెలియదు. అంత ఎండాకాలంలోనూ చేతికి చల్లగా తగిలాయి. మూత రేకు మీద ఒక ఇంచూ, ఇంచులో ఎనిమిదో వంతూ అని అచ్చు కొట్టి ఉంది. అంటే తొమ్మిది సూత్‌లు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. ఇంత చక్కగా కుదిరినందుకు నాకు సంబరమేసింది. ఆ బిట్లే ఇచ్చి పంపాను.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "ఇయ్యాల ఒక బోల్టు గమ్మతు చేసింది. నట్టు ఎంత తిప్పినా తిరుగుతనే ఉన్నది, ఆగుతలేదు. పక్కకు ఇంకోటి ఏసినం."

"నీ చేతులల్ల బలం లేదు గని బోల్టునంటున్నవా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "కప్పు గూడ మాట్లాడుతున్నది," అన్నాడు.

నెత్తి మీది రాయి కదిలేటప్పుడు చిటపటమని వినబడే చప్పుడును బాయిలో అలా అంటారు. చిన్నప్పటి నుంచీ మా నాన్న నోట విన్న మాటే.

"ఎప్పటి తీర్గ లేదు," అన్నాడు మళ్లీ. "పక్క అర్రల ఎవలో గుసగుసలు పెట్టినట్టున్నది. మనం ఆగితె అదీ ఆగుతది."

అన్నం సగంలోనే చెయ్యి కడిగేశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మర్నాడు మొదటి షిఫ్టులో, మా ఆయన బాయిలోకి దిగాక, కొత్త డబ్బా వచ్చింది. ఇరవై ఏడు అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. సర్దుతూ సర్దుతూ ఒక బిట్టును కొలత పలకలో పెట్టి చూశాను. పలక నిండా రంధ్రాలుంటాయి, ఏ రంధ్రంలో సరిగ్గా దూరితే బిట్టు సైజు అది. కొత్తది ఇరవై ఏడులో దూరింది. పాత డబ్బాలో మిగిలిన ఒక్కటి తీసి అదే రంధ్రంలో పెట్టాను. దూరలేదు. తిప్పి నొక్కాను. దూరలేదు. వర్నియర్‌తో కొలిస్తే ఇరవై ఎనిమిదిన్నర దాటింది. తొమ్మిది సూత్‌లకు తొమ్మిది పిసర్లు, అన్నీ కలిసి ఒకటిన్నర మిల్లీమీటరు అయ్యాయి. గడియారంలో పదిన్నర.

అప్పుడే ఫోను ఎత్తాల్సింది. ఎత్తలేదు. మళ్లీ కొలిచాను. లెక్క మళ్లీ వేశాను, చార్టుతో సరిచూశాను. తప్పు తేలితే ఉద్యోగం ఉంటుందా, నాన్న ఊపిరి పోగొట్టుకుని సంపాదించిన ఉద్యోగం ఇలా పోతే ఇంట్లో మొహం ఎలా చూపించను అనుకున్నాను. లోపల ఎవరో ఒకరు కొలిచే ఉంటారులే అని కూడా అనుకున్నాను. బయట బాయి ఫ్యాను ఎప్పటిలా మోగుతోంది. రోజూ వినే మోతే, ఆ పూట ఎవరో ఆగకుండా ఊపిరి పీలుస్తున్నట్టు తోచి చెవులు మూసుకున్నాను. పదకొండింటికి ఫోను ఎత్తాను.

లోపల ఓవర్‌మేన్ పలికాడు. అక్కడి మనుషులకూ కప్పుకూ ఆయనే జవాబుదారీ.

"సార్, నేనిచ్చిన బిట్లు పెద్దగున్నయి. లెక్క తప్పింది నేనే. ఈ నాలుగు రోజులల్ల ఏసిన బోల్టులు పట్టయి."

ఆయన తిట్టలేదు. "లైన్ల ఉండు చెల్లె," అన్నాడు. లోపలి ఫోనుకు కొద్ది అడుగుల దూరంలోనే ఆ కొత్త బోల్టుల చోటు. ఇనుప కడ్డీతో కప్పును తట్టి, చప్పుడును బట్టి దాని సంగతి చెబుతారు వాళ్లు. ముందు పాత బోల్టుల దగ్గర తట్టినట్టున్నాడు, టంగుమని గట్టిగా పలికింది. నాలుగడుగులు వేసిన చప్పుడు. మళ్లీ తట్టాడు. ఈసారి ఖాళీ నీళ్ల గాబును తట్టినట్టు బొయ్యిమంది. ఇంకోసారి, అదే. అంత పెద్ద రాయి లోపల డొల్లగా పలకడం నేను పైన టూల్ రూమ్‌లో నిలబడి విన్నాను.

తట్టడం ఆగింది. చప్పుడు ఆగలేదు. మా ఆయన చెప్పిన గుసగుస సన్నగా, తీరిగ్గా ఫోనులోంచి నా చెవిలోకి వస్తూనే ఉంది. "అందరు బయటికి నడువుండ్రి," అన్న ఓవర్‌మేన్ గొంతు, ఆ తర్వాత బూట్ల చప్పుడు వినబడ్డాయి. ఫోను పెట్టేసేవాళ్లు లేరు. మనుషులు లేని ఆ చోటు మాట్లాడుతుంటే నేను వింటూ నిలబడ్డాను.

ఓవర్‌మేనూ, మా ఆయన గ్యాంగు అయిదుగురూ పైకి వచ్చారు. రెండో షిఫ్టులో అక్కడ కప్పు కూలింది, కింద ఎవరూ లేరు. నాకు చార్జిషీటు ఇచ్చారు, ఉద్యోగం మాత్రం ఉంచారు. కప్పు కూలిన సాయంత్రం సెంటినరీ కాలనీలోని మా క్వార్టరుకు మిగతా నలుగురి ఇళ్లలోని ఆడవాళ్లు వచ్చారు. ఒక అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ తప్పు నువ్వే చెప్పినవు బిడ్డా, నా కొడుకు మిగిలిండు," అంది. మా ఆయన గోడకు ఆనుకుని అంతా వింటున్నాడు.

వాళ్లు వెళ్లాక అడిగాడు, "నీకెప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "పదిన్నరకు."

"ఫోను పదకొండుకు వచ్చింది."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పాను. నాన్న గురించి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"గా అర్ధగంట మేము సద్ది తిన్నం," అన్నాడు. "కొత్త బోల్టులు గదా, గట్టిగుంటయని అయిదుగురం వాటి కిందనే కూసున్నం."

ఆ మాట ఆయన ఆ నాలుగిళ్లలో ఎవరికీ చెప్పలేదు. అవ్వ ఇప్పటికీ బజారులో కనబడితే నా చేతులు పట్టుకుంటుంది, నేను పట్టుకోనిస్తాను.