అక్క గొంతులో లారీల బరువు

కిందటి సోమవారం, చనిపోయిన బావ పేరును ఖాతాలోంచి తీయించడానికి అక్కను తీసుకుని సిద్ధగోరాలో బ్యాంకుకు వెళ్లాను. అక్కడ టోకెన్ నంబర్లను ఒక ఆడగొంతు పిలుస్తోంది. మాటకూ మాటకూ మధ్య చిన్న ఖాళీ. ఎవరో విడివిడిగా చెప్పి పెట్టిన ముక్కలను యంత్రం జతచేస్తోందని, ఒకప్పుడు ఆ పని చేసినవాడికి తెలిసిపోతుంది. నేను చేశాను. బావ కోసమే చేశాను.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఐదు నెలలు. ఇంకా ఖాయం చేయలేదు. గమ్హరియాలోని ఫ్యాక్టరీలకు ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న కంపెనీ మాది. మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆఫీసు కంప్యూటరుకు స్పీకర్లు కొనడం దుబారా అనుకునే రోజులవి. బావ అక్కడే ఒక ఇనుప పోతల ఫ్యాక్టరీలో లారీలను తూచే కాటా దగ్గర ఆపరేటరు. షుగరు వల్ల ఆయన చూపు తగ్గుతోందని, స్క్రీనుకు ముక్కు ఆనించి అంకెలు చదువుతున్నారని, ఫ్యాక్టరీలో తెలిస్తే పంపేస్తారని అక్క నాకు చెప్పింది. ఆయన చెప్పలేదు. ఆ కాటాకు కొత్త ప్రోగ్రాము రాసే పని మా కంపెనీకే వచ్చినప్పుడు, బరువును పైకి చదివి వినిపిస్తే డ్రైవర్లకు నమ్మకం కుదురుతుందని మా యజమానికి నచ్చచెప్పాను. అందులో అబద్ధం లేదు గాని, నా కారణం వేరు.

మేముండేది హిందీ ప్రాంతం, డ్రైవర్ల కోసం కాబట్టి హిందీలోనే చెప్పాలి. హిందీలో మనలా ఇరవై పక్కన మూడు పెడితే సరిపోదు, వంద దాకా ప్రతి సంఖ్యకూ వేరే పేరు. లారీ నలభై టన్నులు దాటదు, కాటా పదేసి కిలోల లెక్కనే చూపిస్తుంది కాబట్టి అన్నీ అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, అక్క చేత ఒకటి నుంచి నలభై దాకా, ఆపైన పదులూ, వందా, వెయ్యీ చెప్పించి రికార్డు చేశాను. చెమటలు తుడుచుకుంటూ, పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి చెప్పింది.

శబ్దం వినిపించమని కంప్యూటరుకు చెప్పడంలో అప్పుడు రెండు పద్ధతులుండేవి. ఒకదానిలో శబ్దం ముగిసేదాకా ప్రోగ్రాము మిగతా పనులన్నీ ఆపి నిలబడుతుంది. రెండోదానిలో శబ్దం పక్కన నడుస్తుంటే తన పని తాను చేసుకుంటుంది, కాని ముందు ముక్క పూర్తికాకుండానే తరువాతి ముక్క వచ్చి దాన్ని తుంచేసేది. అలా తుంచకుండా వరసలో నిలబెట్టడానికి మరికొంత రాయాలి. నేను రాయలేదు, మొదటి పద్ధతే పెట్టేశాను. కాటా గదిలో చూపించినప్పుడు బావ కళ్లు మూసుకుని విన్నారు, బటన్లు నొక్కి చూశారు, నవ్వారు.

"నీ కంప్యూటరు అచ్చం మీ అక్కేరా. మాటాడతన్నంతసేపూ ఎవుడి మాటా ఇనదు."

నేనూ నవ్వాను. ఆయన చెప్పింది లోపమేనని అర్థమైంది కూడా. నాలుగు సెకన్లే కదా, తరువాత చూద్దామనుకున్నాను.

ఫ్యాక్టరీ మేనేజరూ, మా యజమానీ వచ్చి నిలబడిన రోజున మొదటి లారీకే అది బయటపడింది. అక్క గొంతు బరువు చెబుతుండగానే బావ చీటీ అచ్చువేసే బటన్ నొక్కారు. ప్రోగ్రాము అందుకోలేదు. బరువు విన్న డ్రైవరు పనైపోయిందని లారీని కదిలించాడు. మాట ముగిసి ప్రోగ్రాము ఆ బటన్‌ను అందుకునేసరికి ముందు చక్రాలు కాటా దిగిపోయాయి. మిగిలిన సగం బరువే చీటీ మీద అచ్చయింది. చూపున్న ఎవరైనా వెంటనే పట్టుకునేవారు. బావ ఆ చీటీని చించి మేనేజరు చేతికిచ్చారు.

మేనేజరు ఎవరిది తప్పని అడిగాడు. మా యజమాని నావైపు చూశాడు. నేను స్క్రీను వైపు తిరిగిపోయాను.

"గల్తీ మేరీ హై, సాబ్," అన్నారు బావ. "ఆంఖోఁసే ఠీక్ దిఖ్తా నహీఁ."

తప్పు తనదేనని, కళ్లు సరిగ్గా కనబడవని, అన్నాళ్లు దాచుకున్నదాన్ని అలా ఒక్క మాటలో ఇచ్చేశారు. వారం తిరక్కుండా ఆయనను ఇంటికి పంపేశారు. నా ఉద్యోగం ఖాయమైంది. ప్రోగ్రామును మర్నాడు ఒక పూటలో సరిచేశాను. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే ఆయన అడిగింది ఒక్కటే.

"సరిజేసీసేవా?"

"చేసీసేను, బావా."

"మరింకేటి. కూకో, అన్నం తిను."

తిన్నాను. చెప్పవలసిన మాట ఆ పూటా చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. అక్క ట్యూషన్లు పెట్టి ఇల్లు నడిపింది. ఆయన చిన్నపిల్లలకు నోటిలెక్కలు నేర్పేవారు. ఆయన లేని కాటా గదిలో అక్క గొంతు ఎనిమిదేళ్లు లారీల బరువు చెప్పింది.

మొన్న ఆ దారిన వెళ్తూ ఆగి చూశాను. ఇప్పుడక్కడ గదే లేదు. కెమెరాలు లారీ నంబరు చదువుకుంటాయి, బరువు తనంతట తానే నమోదవుతుంది, డ్రైవరు కిందికి దిగనైనా దిగడు. పని చాలా బాగా జరుగుతోంది. ఎప్పుడైనా తప్పు జరిగితే మాత్రం, ఇంకొకరి బదులు దాన్ని తన మీద వేసుకోవడానికి అక్కడ మనిషంటూ ఎవరూ లేరు.