పేరు ఆచారిది, చిరునామా బామ్మర్దిది

2008లో నంద్యాలలోని ఒక చిన్న వెబ్‌సైట్ల సంస్థలో సీనియర్ ప్రోగ్రామర్‌గా చేరాను. సీనియర్ అంటే గొప్పేం లేదు, మిగతా ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు, అంతే. నాకు అప్పగించిన మొదటి పని ఆళ్లగడ్డ శిల్పుల సైటు. ఒక్కో శిల్పికి ఒక పేజీ, అందులో ఆయన ఫోన్ నంబరు. విగ్రహం కావలసినవాళ్లు దళారీతో పని లేకుండా నేరుగా శిల్పితోనే మాట్లాడుకోవాలని వాళ్ల ఆశ.

ఏ చిరునామా అడిగితే ఏ పేజీ చూపాలో చెప్పే వరసలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. దాన్ని రూటింగ్ అంటాం. నేను ప్రతి వరసకూ ఒక పేరు పెట్టి, లింకు ఉన్న చోటల్లా ఆ పేరే రాశాను. పేరు చెబితే, సైటును నడిపే ఫ్రేమ్‌వర్కే చిరునామా వెతికిపెడుతుంది. ఇదే రివర్స్ లుకప్. ఇల్లు మారినా పేరు చూసి ఉత్తరం చేర్చే పోస్ట్‌మ్యాన్ పని. చిరునామా మారితే ఒక్క వరస దిద్దితే చాలు, సైటంతా దానంతటదే సర్దుకుంటుంది. ఆ పనితనం చూసుకుని ఎంత మురిసిపోయానో!

కొన్ని నెలలకు వీరాచారి అనే శిల్పి ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏందప్పా ఇది? నా పేరు మీద నొక్కితే ఎవనిదో బొమ్మల అంగడి వస్తాండాది! కడప కాడ గుడోళ్లు నా నరసింహసామి బొమ్మ జూసి నొక్కినారంట. బేరం వానికి కుదిరె. నేనేం గావాల?"

ఫైలు తెరిచి చూశాను. వీరాచారి పేరున్న వరసలో చిరునామా మాత్రం మా యజమాని బామ్మర్ది విగ్రహాల దుకాణానిది. కంచే చేను మేసింది. ఒళ్లు మండి యజమాని గదిలోకి వెళ్లి నిలదీశాను. ఆయన తలెత్తకుండానే, "మార్చింది ఒక్క లైనే గదప్పా, దానికింత రచ్చ ఏంది?" అన్నాడు.

నిజమే, ఒక్క లైనే. అంత సులువు చేసిపెట్టింది నేనే కదా! ఆ వరస సరిచేశాను. సాయంత్రానికి నా పాస్‌వర్డ్ పనిచేయలేదు, మర్నాటికి ఉద్యోగం లేదు. వరస మళ్లీ దుకాణానికే తిరిగింది.

కడప గుడికి ఆ నరసింహస్వామిని చివరికి వీరాచారే చెక్కాడు, బామ్మర్ది దగ్గర కూలికి. పీఠం మీద దుకాణం పేరు కూడా ఆయన చేతే చెక్కించారు.

శుభ్రంగా రాసిన కోడు దొరకీ దొంగకీ ఒకేలా పనిచేస్తుంది. రిటైరయ్యేదాకా ఏ పని ఒప్పుకున్నా, రూటింగ్ ఫైలు ఎవరి చేతిలో ఉంటుందో ముందు అడిగి, తర్వాతే కుర్చీలో కూర్చున్నాను.