పసుపు పెట్టిన పొదలు

"రాళ్ళూ ముళ్ళూ తప్ప మీ అనంతపురంలో ఏముందమ్మా?" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బయటివాళ్ళంటే సరే, తెలియక అంటారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మా కాలేజీ ప్రిన్సిపాలు గారూ అదే మాట! డెబ్భైల చివర మేం డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వెనక పెద్ద కంపచెట్ల బీడు ఉండేది. దాన్ని చూస్తే చాలు, ఆయన మొహం చిట్లించుకునేవారు.

మా వృక్షశాస్త్రం మేడంకు మాత్రం అదే బంగారం. కొత్త ల్యాబు ప్రారంభించడానికి మంత్రి వస్తున్నాడని తెలిసి, ఆ రోజు మన ఆవరణలో బతికే ప్రతి చెట్టునూ పిట్టనూ పురుగునూ చూపిద్దాం అంది. సీసాల్లో పెట్టి కాదు, అవి ఉన్నచోటే.

ఇంకేం, హాస్టల్ ఆడపిల్లలమంతా బీడులో పడ్డాం. బలుసు, రేగు, తంగేడు, జిల్లేడు. తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. మా నాయన నేసే పట్టులో కూడా అంత ఎరుపు నేను చూడలేదు. నా స్నేహితురాలు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని క్లాసుకు రానని మొండికేసింది.

చిక్కల్లా లెక్క దగ్గర వచ్చింది. ఈ పొదను లెక్కలో రాసుకున్నామంటే రాసుకోలేదని రోజూ జుట్లు పట్టుకునేంత పని. సుద్దతో గుర్తు పెడితే వానకు పోయింది. ఇంటి నుంచి పట్టుదారం ముక్కలు తెచ్చి కడితే మేకలు మేసిపోయాయి. చివరికి నేను నూనెలో పసుపు కలిపి తెచ్చాను. శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసే చెయ్యి, దానికి వేరే ఏం తోస్తుంది? లెక్కలోకి ఎక్కిన మొక్కకు పసుపు. గూడో గుడ్లో ఉన్న పొదకైతే పైన కుంకుమ బొట్టు, ఎవరూ కదిలించకుండా.

అందరికంటే పెద్ద బలుసు పొద కింద కౌజుపిట్ట గుడ్లు పెట్టింది. పొద్దునా సాయంత్రం పోయి చూసేదాన్ని. అది కదలకుండా కూర్చుని నన్నే గుడ్లురిమి చూసేది. ఆ గుడ్లు పిల్లలైతే చాలనుకున్నాను, పరీక్షల సంగతి కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. మంత్రి వెంట వచ్చే కార్లు పెట్టడానికి బీడంతా చదును చెయ్యాలని ప్రిన్సిపాలు గారు హుకుం వేశారు. మేడం వెళ్ళి బతిమాలితే, "ముళ్ళకంపకు ప్రదర్శనా? నలుగురూ నవ్విపోతారు" అన్నారట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తెల్లారి కూలీలు గొడ్డళ్ళూ కొడవళ్ళూ పట్టుకుని వచ్చారు. మేమంతా పరుగెత్తుకెళ్ళాం. తీరా చూస్తే వాళ్ళు పొదల ముందు నిలబడిపోయి ఉన్నారు.

"ఏమప్పా, ఈడ దేవర ఉండాదని మాకెవురూ చెప్పలేదే!" అన్నాడు మేస్త్రీ.

అబద్ధం చెప్పి ఊరుకోవడం నా వల్ల కాలేదు. "దేవర లేదన్నా, లెక్క కోసం మేమే గుర్తు పెట్టినాం" అనేశాను. నా స్నేహితురాలు నా జబ్బ గట్టిగా గిల్లింది.

"లెక్కకు పెట్టినా మొక్కుకు పెట్టినా, పెట్టినాక పెట్టినట్టే పాపా," అన్నాడాయన, గొడ్డలి కింద పెట్టేస్తూ.

ఈలోగా ప్రిన్సిపాలు గారు రుసరుసలాడుతూ వచ్చారు. "చదువుకున్న కాలేజీలో ఏందయ్యా ఈ చాదస్తం? కొట్టండి!"

"మొదటి ఏటు మీరేయండి సార్. యెనకాల మేం కొడతాం," అన్నాడు మేస్త్రీ.

"ఇట్ల తే!" అని ఆయన కొడవలి లాక్కుని నేరుగా బలుసు పొద దగ్గరికే నడిచారు. "సార్, గుడ్లుండాయి సార్!" అని అరిచాను. ఆయన వినిపించుకోలేదు. పొద ముందు ఆగారు. కొడవలి ఎత్తబోతూ, అలవాటు కొద్దీ, కాళ్ళ చెప్పులు విడిచి పక్కన పెట్టారు.

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నారు. కూలి ఆడమనిషి ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను, అదే సమయంలో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

ఆయన కాసేపటికి మోకాళ్ళ మీద వంగి పొద కిందికి చూశారు. పిట్ట కదల్లేదు.

"ఎప్పటికి పిల్లలవుతాయి పాపా?" అని మెల్లగా అడిగారు.

"మంత్రిగారొచ్చే నాటికి కావచ్చు సార్."

ఆయన లేచి, కొడవలి మేస్త్రీ చేతికిచ్చేశారు. "కార్లు గేటు బయటే పెట్టించండి," అన్నారు. "మంత్రిగారికి కాళ్ళుండాయి, నడిచొస్తాడు."