తుపాకీకి పెట్టిన బొట్టు

మా వాళ్ళ డిన్నర్లలో ఈ కథ చెప్పే తీరు ఒకటుంది. ఎవరో తెల్ల ముసలాయన మా ఆయనకి రైఫిల్ చేసిచ్చాడట. పని సరిగ్గా చేయక నెల తిరక్కుండా తుప్పు పట్టిందట. నేను వెళ్ళి నాలుగు దులిపేసరికి మారుమాట లేకుండా మళ్ళీ చేసిచ్చాడట. చివర్లో ఎవరో ఒకరు, "అక్క దగ్గరా ఆటలు?" అంటారు. అందరూ నవ్వుతారు. నేను పెరుగన్నం గిన్నె వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్తాను.

ముసలాయన ఉన్నమాట నిజం. తుప్పు పట్టినమాట నిజం. నేను దులిపిన మాట అన్నిటికన్నా నిజం. తక్కినదంతా అబద్ధం. ఆ అబద్ధం వాళ్ళది కూడా కాదు, నాది. వాళ్ళు మోస్తున్నారంతే.

టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్న రెండేళ్ళకి మా ఆయనకి వేట పిచ్చి పట్టింది. వాళ్ళ మేనేజర్ ఒక నవంబర్‌లో జింకల వేటకి తీసుకెళ్ళాడు. ఈయన ఎవరిదో తుపాకీ అడిగి పట్టుకెళ్ళి, ఒక్క జింకనీ కొట్టకుండా, జలుబు మాత్రం తెచ్చుకుని, తనకీ ఒక రైఫిల్ కావాలన్నాడు. షాపులోది కాదట, చేయించుకున్నది కావాలట. మాంసమే కావాలంటే ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌వాడు మేకని ముక్కలు కొట్టి మరీ ఇస్తాడు కదా, చలిలో చెట్టెక్కి కూర్చోవడం దేనికన్నాను. మాంసం కోసం కాదన్నాడు. మరి దేనికోసమంటే కంప్యూటర్లో రైఫిల్ బొమ్మలు చూపించాడు. జవాబు లేకపోతే నేను వదిలే రకం కాదు. లాస్ కొలినాస్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకరి పనిలో తప్పులు పట్టుకుంటే జీతం ఇస్తారు. ఇంటికొచ్చాక అదే పని ఊరికే చేస్తాను.

ఆ మేనేజరే రైఫిళ్ళు చేసే ఈ పెద్దాయన సంగతి చెప్పాడు. ఊరికి ఉత్తరాన తారు రోడ్డు ఆగిపోయి కంకర మొదలైన చోట ఆయన ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. భార్య పోయింది. ఏడాదికి ఒక్క రైఫిల్ చేసేవాడు, అదీ మనిషి నచ్చితేనే. మా ఆయన ఎక్కడో సంపాదించిన పాత జర్మన్ తుపాకీ ఉక్కు భాగాన్ని బల్ల మీద పెడితే దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, ఏ తూటాకి చేయమంటావని అడిగాడు. ఏడు మిల్లీమీటర్ల పాత మౌజర్ తూటాకి, అన్నాడు మా ఆయన. వందేళ్ళు దాటిన కొలత అది. పెద్దాయన మొహం వెలిగింది. నేను ఊరుకోలేదు. ఈయన ఫోను రెండేళ్ళకోసారి మారుస్తాడు, తూటా మాత్రం ముత్తాత కాలంది కావాలా అన్నాను.

"మ్యామ్, ఆ తూటా భుజాన్ని గట్టిగా తన్నదు, పెద్దగా అరవదు. తన పని చేసి ఊరుకుంటుంది. మనుషుల్లో అలాంటివాళ్ళు తక్కువ," అన్నాడు పెద్దాయన.

అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

ఆ తర్వాత ప్రతి శనివారం మా ఆయనతో నేనూ వెళ్ళాను. కాపలాకి అని చెప్పుకున్నాను. నిజానికి నాకు ఆ షెడ్డు నచ్చింది. వాల్‌నట్ చెక్క పొట్టు వాసన, గోడకి వరసగా వేలాడే ఆకురాళ్ళు, మూలన ఎప్పుడూ సన్నగా మోగే రేడియో. మా ఆయన చూస్తూ నిలబడేవాడు. నేను అడుగుతూ నిలబడేదాన్ని. ఇది ఎందుకు, అది ఎందుకు, ఇలా చేస్తే ఏమవుతుంది. ఒకరోజు పెద్దాయన, "మా ఆవిడ పోయాక ఈ షెడ్డులో నాతో వాదించినవాళ్ళు లేరు," అని తుపాకీకి బిగించే చెక్కని నా చేతికిచ్చాడు. లిన్‌సీడ్ నూనె, అదే అవిసె నూనె, రెండు చుక్కలు వేసి అరచేత్తో రుద్దమన్నాడు. చెక్క వేడెక్కేదాకా రుద్దాలి, ఆరబెట్టాలి, మళ్ళీ వారం రుద్దాలి. చంటిపిల్ల మాడుకి ఆముదం అద్దినట్టే అద్దాను. నాలుగు నెలలు అద్దాను. చెక్కలో తేనెరంగు చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చేత్తో పట్టుకునే చోట ఆయన వలలాగా సన్నగీతలు చెక్కాడు. కాఫీ కప్పు పట్టుకుంటే ఆ చేతులు వణికేవి, కాఫీ సాసర్లోకి తొణికేది. ఉలి పట్టుకుంటే వణుకు ఎక్కడికి పోయేదో తెలీదు. ఇది నేను కళ్ళారా చూశాను. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోలేదు.

బారెల్‌కి, అంటే తుపాకీ గొట్టానికి, నీలంరంగు ఎక్కించడం కూడా చూపించాడు. అది రంగు కాదు, తుప్పే. ఆసిడ్ పూసి, చెమ్మపెట్టెలో పెట్టి, కావాలనే తుప్పు పట్టిస్తారు. దాన్ని నీళ్ళలో మరిగిస్తే నల్లబడుతుంది. పైపొడి రుద్దేసి మళ్ళీ మొదలుపెడతారు. అలా ఎనిమిదిసార్లు. ఆఖర్న వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆసిడ్‌ని చంపాలి, ఆ తర్వాత నూనె పట్టించాలి. సరిగ్గా చంపకపోతే నూనె కింద నుంచి మళ్ళీ లేస్తుందని ఆయన చెప్పాడు. టెస్టర్ బుర్ర కదా, ఎక్కడ తప్పు జరిగే వీలుందో అక్కడ ఒక గుర్తు పెట్టుకుంది.

2008 సెప్టెంబర్‌లో రైఫిల్ ఇంటికొచ్చింది. మా ఆయన దాన్ని గరాజ్‌లో ఇనప పెట్టెలో పెట్టి, రోజుకోసారి తీసి చూసుకునేవాడు. వేటకి నవంబర్ దాకా ఆగాలి.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ మానలేదెప్పుడూ. కార్లకీ, నా లాప్‌టాప్‌కీ, వంటింటి కత్తులకీ, గడ్డి కోసే మెషీన్‌కీ బొట్లు పెడతాను. ఆ వారం మా ఆయన ఫ్రీమాంట్‌లో క్లయింట్ దగ్గరున్నాడు. బుధవారం మహర్నవమి. అన్నిటికీ బొట్లు పెట్టి లేవబోతుంటే, ఈ ఇంట్లో నిజంగా ఆయుధం అనదగ్గది ఒక్కటే ఉంది, దాన్నే వదిలేశానని తట్టింది. భయమూ ఉంది. ప్రాణం తీసే వస్తువు ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కసారైనా అమ్మవారి ముందు పెట్టకపోతే ఎలా?

పెట్టె తాళం తెరిచి పూజగదిలోకి తెచ్చాను. పీట మీద పడుకోబెట్టి పసుపు, గంధం కలిపి రాశాను. నిలవలేదు. బారెల్ నిండా నూనె. కుంకుమ బొట్టు పెడితే జారిపోయింది. అందుకని డిష్ సోప్ పెట్టి, తడిగుడ్డతో నూనెంతా శుభ్రంగా తుడిచేశాను. ఎనిమిదిసార్ల పని మీద కాపలా ఉన్న నూనె అది. అప్పుడు బొట్లు చక్కగా నిలిచాయి. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, ఆ రెండు చెక్కలూ బారెల్‌కి చెరో పక్కన ఆనించాను. తడి అక్షింతలు చల్లాను. పైన కొత్త జాకెట్టు గుడ్డ కప్పాను. విజయదశమి వెళ్ళేదాకా కదపకూడదు కదా. కదపలేదు. పద్ధతి విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదు.

శుక్రవారం పొద్దున గుడ్డ తీశాను. బొట్టు పెట్టిన ప్రతిచోటా తుప్పు. నిమ్మచెక్కలు ఆనినచోట నీలం ఊడిపోయి తెల్లటి ఉక్కు బయటపడింది, బొల్లి మచ్చల్లాగా. చెక్క మీది సన్నగీతల్లో పసుపు ఇరుక్కుంది. పాత టూత్‌బ్రష్‌తో, పుల్లతో గంటసేపు గోకాను. పైపైన పోయింది. లోపల పచ్చగా ఉండిపోయింది. అలాగే తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టెలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, సూట్‌కేసు కింద పెట్టి, అలవాటుగా గరాజ్‌లోకి వెళ్ళాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. కేక కాదు, మామూలు పిలుపు.

"ఏమైంది దీనికి?"

ఈ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పడానికి నాకు సమయం ఉంది. గరాజ్ మెట్ల మీద నిలబడ్డాను, చేతిలో గరిటె ఉంది, అంతా గుర్తుంది. నేను చెప్పింది ఇది: "ఆసిడ్ సరిగ్గా కడగలేదండీ. ఆయనే చెప్పాడుగా, కడక్కపోతే నూనె కింద నుంచి లేస్తుందని."

"అంత పనోడు కడక్కుండా ఉంటాడా?"

"వయసైపోయిందండీ."

మా ఆయన నమ్మాడు. ఇంట్లో తప్పులు పట్టే మనిషిని నేనే కదా.

శనివారం షెడ్డుకి వెళ్ళాం. మా ఆయన బల్ల మీద రైఫిల్ పెట్టి పక్కకి జరిగాడు. మాట్లాడింది నేను. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. అబద్ధం చెప్పేటప్పుడు నా ఇంగ్లీష్ చాలా బాగుంటుందని ఆ రోజు తెలిసింది. సోడా నీళ్ళ సంగతి, ఎనిమిదిసార్ల సంగతి, ఆయన నేర్పిన మాటలే ఆయనకి అప్పజెప్పాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వింటుంటే నాకు భయమేసింది. భయంలో ఇంకో మాట అన్నాను. "మీ చేతులు వణుకుతున్నాయి. నేను చూశాను."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రైఫిల్‌ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళాడు. బారెల్‌ని మెల్లగా తిప్పి చూశాడు. చెక్క మీది సన్నగీతల మీద బొటనవేలి గోరు ఒకసారి ఇటు నుంచి అటు లాగాడు. గోరు వైపు చూసుకున్నాడు. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"సారీ, మ్యామ్. వదిలి వెళ్ళండి. సీజన్ మొదలయ్యేలోపు ఇస్తాను."

అంతే. నా వైపు చూడలేదు. మా ఆయన వైపూ చూడలేదు.

మూడు వారాలకి ఇచ్చాడు. బారెల్ మీద నీలం మునుపటికన్నా నిండుగా ఉంది. ఇంటికొచ్చాక నేను మొదట చూసింది ఆ గీతలు. పసుపు నలుసంత కూడా లేదు. ఒక్కో గీతా శుభ్రం చేసి, కొత్తగా నూనె పట్టించి ఉంది.

ఆ నవంబర్‌లో మా ఆయన జింకని కొట్టాడు. మరుసటి వేసవికి పెద్దాయన షెడ్డు ఖాళీ చేశాడు. మాది ఆయన చేసిన ఆఖరి రైఫిల్. లేతు మెషీన్‌ని ట్రక్కు ఎక్కిస్తుంటే చూశానని మేనేజర్ చెప్పాడు. చేతులు ఇక నమ్మదగ్గవి కావన్నాడట ఆయన. ఈలోపు కథ మా వాళ్ళలో ఇల్లిల్లూ తిరిగింది. మా ఆయనే గొప్పగా చెప్పాడు, మా ఆవిడ కళ్ళు ఎక్స్‌రే అని. ఆ ముసలాయనతో ఒకటి చేయించుకుందామనుకున్న మా ఫ్రెండ్ ఒకాయన మానేశాడు. "వదినా, టైముకి చెప్పారు," అని నాకు థాంక్స్ కూడా చెప్పాడు. నేను తీసుకున్నాను.

పెద్దాయన ఓక్లహోమాలో కూతురి దగ్గరకి వెళ్ళిపోయాడు. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేవాడు, నా పేరుకే. ఒకే వాక్యం ఉండేది: నీలం నిలిచిందా? నిలిచిందని నేను జవాబు రాసేదాన్ని. ఇంకా రాద్దామని కింద సగం పేజీ వదిలి, అలాగే పోస్ట్ చేసేదాన్ని. నాలుగు కార్డులొచ్చాయి. ఐదో ఏడు రాలేదు. అది ఎందుకు రాలేదో కనుక్కునే ధైర్యం కూడా నాకు లేకపోయింది. నోరున్నదాన్ని అంటారందరూ నన్ను.

పోయినేడు హైవే మీద కారులో మా ఆయనకి మొత్తం చెప్పాను. మా ఎగ్జిట్ దాటించేసి, తర్వాతి ఎగ్జిట్‌లో కారు తిప్పాడు. తర్వాత, "ఇప్పుడు అందరికీ చెప్పడం ఎందుకులే," అన్నాడు. మొన్న ఉగాది డిన్నర్‌లో ఆ కథ మళ్ళీ వచ్చింది. ఆయన మొదలుపెట్టలేదు కానీ, ఆపలేదు. నేనూ ఆపలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దాయన తన గోటి కింద పసుపు చూశాడు. చూడకపోతే ఆ గీతలు అంత శుభ్రంగా ఎలా వస్తాయి? చూస్తే తప్పు తన చేతులది కాదని తెలిసి ఉండాలి. తెలిస్తే పని ఎందుకు మానేశాడు? నన్ను మా ఆయన ముందు దొరకనివ్వకుండా కాపాడి, తన చేతుల మీద నేనన్న మాటని మాత్రం నమ్మాడా?