పాణం మెరిసే రంగు

మీ మాటను ఎవరైనా గుడ్డిగా నమ్మితే, అలా నమ్మొద్దని మీరు ఎప్పుడైనా వారించారా? నేను వారించలేదు. పైగా మురిసిపోయాను. ఎనభైలలోని ఆ రోజుల్లో వరంగల్‌లో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తూ, సాయంత్రాలు మట్టెవాడలో హేతువాద ఉపన్యాసాలిస్తూ తాయెత్తుల స్వాములను చీల్చి చెండాడేవాణ్ణి. (వినేవాళ్లు ఆరుగురు, అందులో ఇద్దరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు.) పగటి పని ఒక రంగును తయారుచేయడం. అది బతికున్న కణాన్ని చంపకుండా లోపలికి వెళ్లాలి, కణానికి శక్తినిచ్చే సన్నని పోగులను పట్టుకోవాలి, నీలికాంతి పడగానే ఆకుపచ్చగా మెరవాలి. అణువుకు ఒక తోక తగిలిస్తే కణంలోకే పోయేది కాదు, ఇంకో తోక తగిలిస్తే కణమే చచ్చేది. రెండేళ్లు ఇలా తోకలు మార్చాక ఒకటి కుదిరింది.

మా ల్యాబులో గాజుసామాను కడిగే పెద్దాయనను అందరం సీసాల తాత అనేవాళ్లం. ఉల్లిపొరకు నా రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో మొదట ఆయనకే చూపించాను. “ఏంది సారూ, గివి పురుగులా?” అన్నాడు. “పురుగులు కాదు తాతా, పాణం! పాణం ఉన్నకాడనే మెరుస్తది” అన్నాను. ఆ పోగుల అసలు పేరు చెప్పి, మైటోకాండ్రియా అని ఉంటే తల గోక్కుని వెళ్లిపోయేవాడు. పాణం అన్నాను. నా తప్పు ఆ ఒక్క మాటలోనే ఉంది.

వారం తిరక్కుండా తాత ఒక అగ్గిపెట్టె తెచ్చాడు. లోపల దూది, దూదిలో ఆయన భార్య ఉమ్మి. ఆమెకు రెండు నెలలుగా దగ్గు, జ్వరం. “జర చూడుండ్రి సారూ, మా ముసల్దానికి పాణం ఎంత మిగిలిందో. దవాఖానకు పోదాం పా అంటే సూదికి భయపడ్తాంది. గట్టిగనే ఉన్నదని మీరంటే ఇగ ఫికరుండది.” తోటి పరిశోధకులు పగలబడి నవ్వారు. “స్వామీజీ, జాతకం చెప్పుండ్రి!” అన్నాడొకడు. నేనూ నవ్వుతూనే ఉమ్మికి రంగు వేసి చూశాను. ఎంత వెలుగో! “ధగధగ మెరుస్తాంది తాతా! అవ్వకు నూరేళ్లు!” అనేశాను. తాత నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. (వెనక్కి లాక్కోవాలని హేతువాదికి తోచలేదు.)

అవ్వ దవాఖానకు పోలేదు. నెలన్నర తర్వాత నెత్తురు కక్కుతుంటే తీసుకుపోయారు. క్షయ అని, ముందే తెస్తే మందులకు లొంగేదని డాక్టరు చెప్పాడు. నాలుగో రోజు ఆమె పోయింది. అప్పుడు గాని నా బుర్రకు తట్టలేదు. ఆమెను తింటున్న క్రిములు కూడా ప్రాణమున్నవే, ఆ పోగులు లేకున్నా వాటి పొరనూ నా రంగు పట్టుకుని ఉంటుంది. ఆ నూరేళ్ల దీవెన నేను ఎవరికి ఇచ్చినట్టు?

దినాలయ్యాక తాత పనిలోకి వచ్చాడు. “తాతా, నాది తప్పు. ఆ మెరుపుకూ అవ్వ బతుకుకూ సంబంధం లేదు” అన్నాను నేల చూస్తూ. అప్పటిదాకా సారూ తప్ప మరో పిలుపు ఎరగని మనిషి, బీకరు కడుగుతూనే, “ఊకో బిడ్డా. నువ్వు చెప్పినంక నెలదినాలు నిమ్మలంగ అన్నం తిన్నది” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆనాటి ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, పెదవుల దాకా వచ్చి ఆగిపోతుంది. మీ ఇంట్లో ఎవరైనా రెండు వారాలు దాటి దగ్గుతున్నారా? నన్ను చదవడం ఆపండి. లేవండి, వాళ్లను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లండి.