బుట్ట సైకిలు వదిన

మొన్న శుక్రవారం పొద్దున ఇతవారా బజారులో, కిరాణా దుకాణం ముందు, మా వదిన కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. జబ్బు లేదు, జ్వరం లేదు. శనగపప్పు తూస్తున్న సేఠ్ తల ఎత్తకుండానే గుడ్డ పట్టమన్నాడట. ఆమె పలకలేదు. బస్తాకు ఆనుకుని కునుకు తీస్తోందనుకుని పక్కవాళ్ళ సరుకు తూశాడట. మళ్ళీ పిలిచేసరికి ఆమె లేదు.

ఇది రాస్తున్నాను గానీ నాకింకా నమ్మకం కుదరలేదు. ఆ పొద్దున్నే సైకిలు మీద నుంచి దిగకుండా ఒక కాలు మా అరుగుకు ఆనించి, "ఏమే పిల్లా, ఏం గావాలె? జల్ది చెప్పు, ఎండెక్కుతున్నది" అని అడిగిన మనిషి. శనగపప్పు, చింతపండు అన్నాను. "గింతేనా? నేను పోయినంక మల్ల యాది జేసుకోకు" అని, కాలితో అరుగును తన్ని వెళ్ళిపోయింది. ఆమె నాతో అన్న చివరి మాట అదే. చింతపండు గురించి చెప్పుకున్న మాట చివరి మాట ఎట్లా అవుతుందో నాకు అర్థం కావడం లేదు.

సందులో సైకిలు చప్పుడు వినబడి, వదినే వచ్చిందని గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. సైకిలును సేఠ్ నడిపించుకుంటూ వస్తున్నాడు. బుట్ట నిండా సరుకు ఉంది. అతని ముఖం మీద నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఘర్ మే కోయీ మర్ద్ హై?" అన్నాడు. ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉన్నారా అని ఎందుకు అడుగుతున్నాడో నాకు తట్టలేదు. "వదినేది?" అన్నాను. అతను సైకిలును గోడకు ఆనించి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనకాల ఎడ్లబండి సందు మలుపు తిరిగింది.

ఆమె నా భర్తకు అక్క. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ గోడకు గోడ. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను. స్టేషనులో పార్సిళ్ళ గుమాస్తాగా పని చేసిన మనిషి. పిల్లలు లేరు. నాందేడులో మా తెలుగువాళ్ళ సందు చిన్నది. మాకు ఘోషా లేదు గానీ, బజారుకు మగవాళ్ళే పోవాలన్నది కట్టుబాటు. అటువంటి సందులో ఒక ఆడమనిషి మగవాళ్ళ సైకిలెక్కి, ముందర బుట్ట కట్టుకుని, అందరి ఇళ్ళకూ ఉప్పూ పప్పూ మోసింది. అదెట్లా మొదలైందో చెప్పాలి.

నేను కొత్తగా కాపురానికి వచ్చి, మొదటి కాన్పు అయిన ఏడు ఊళ్ళో ప్లేగు పడింది. ఇళ్ళల్లో ఎలుకలు రాలడం చూసి అందరూ తలుపులకు తాళాలు వేసి, ఊరి బయట చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. నా చంకలో పసిబిడ్డ. నా భర్తది బిలోలి కచేరీలో ఉద్యోగం. ప్లేగు ఊరికి ఎవరినీ రానివ్వడం లేదని అక్కడే చిక్కుకుపోయాడు. అన్నయ్య అంతకు ముందే పార్సిలు పెట్టె మీద పడి కాలు విరిగి, వెదురుబద్దల కట్టుతో మంచం మీద ఉన్నాడు. గుడిసెలో మిగిలింది మా అత్త, వదిన, నేను. దుకాణాలవాళ్ళు కూడా ఊరు వదిలి రైలు గేటు అవతల డేరాలు వేసుకున్నారు. మా గుడిసెలకు అది చాలా దూరం. తెచ్చుకున్న జొన్నలు అయిపోయాయి. ఉప్పు అయిపోయింది. బిడ్డకు పాలు చాలక నేను ఏడుస్తూ కూర్చున్నాను.

అన్నయ్య సైకిలు గుడిసె వెనక పడి ఉంది. వదిన దాన్ని లేపి, దుమ్ము తుడిచింది.

"ఎటు పోతున్నవే?" అంది మా అత్త.

"ఉప్పుకు పోతున్న అవ్వా."

"దాని మీదనా? నీకు పిచ్చి లేసిందా? మొగోని బండి మీద ఆడిది ఎక్కుడేంది?"

"నడిచి పోతె చీకటి పడుతది. పసిపిల్ల తల్లి ఆకలికి ఉన్నది. నేను అచ్చినంక తిట్టు."

గోచీ పోసి చీర కట్టడం మా వైపు ఆడవాళ్ళకు అలవాటే కాబట్టి ఆ కట్టు సైకిలుకు అడ్డం రాలేదు. నల్లరేగడి చేనులో రెండు పక్కలా పడింది. లేచింది. మంచం మీద నుంచి అన్నయ్య, "ముందట చక్రం జూడకు! దూరం జూడు, దూరం!" అని అరుస్తున్నాడు. అట్లా పడుతూ లేస్తూనే బండిబాట దాకా వెళ్ళి, అక్కడి నుంచి కనుమరుగైంది. మా అత్త గుడిసె ముందు కూలబడి, కూతురు చచ్చినట్టే ఏడ్చింది.

పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చింది. మోచేతులు చీరుకుపోయాయి. హ్యాండిలుకు వేలాడేసిన సంచీ చక్రంలో పడి చినిగి, ఉప్పు సగం దారి పొడుగునా రాలిపోయింది. పిండి మాత్రం కడుపుకు కట్టుకుని తెచ్చింది. ఆ రోజు మేము తిన్న జొన్నరొట్టె రుచి నాకిప్పటికీ తెలుసు.

మా పక్క గుడిసెలో మేదరి దంపతులుండేవారు. చినిగిన సంచీ చూసి ఆ మేదరామె నవ్వి, వెదురు చీల్చి హ్యాండిలుకు సరిపోయే లోతైన బుట్ట అల్లి ఇచ్చింది. తోలు పట్టీలతో దాన్ని ముందు కట్టారు. వెనకాల కట్టుకుంటే తొక్కడానికి తేలిక కదా అని నేనంటే, వదిన ఒప్పుకోలేదు. "ఎనకుంటె ఏం పడ్డదో, ఎప్పుడు పడ్డదో తెల్వది. ముందటుంటె కండ్ల ముందటనే ఉంటది" అంది. ఆమె ఆ మాట తర్వాత బుట్ట గురించే కాకుండా చాలా వాటి గురించి అనేది.

ప్లేగు తగ్గేదాకా ఆ గుడిసెల వరసకంతా ఉప్పు, బెల్లం, దీపాలకు గ్యాసునూనె, సర్కారు దవాఖానా మందు సీసాలు ఆ బుట్టలోనే వచ్చాయి. మా గుడిసెల్లో ప్లేగుతో పోయినవాళ్ళున్నారు. ఆకలితో పోయినవాళ్ళు లేరు.

మళ్ళీ ఇళ్ళకు వచ్చాక గొడవ మొదలైంది. అన్నయ్య కాలు వంకరగా అతుక్కుంది. నడక వచ్చింది గానీ సైకిలు తొక్కడం రాలేదు. వదిన మాత్రం పొద్దున్నే సైకిలు తీసి బయలుదేరింది. అప్పుడు మా సందులో పెద్దమనిషి, అందరం పెద్దయ్య అని పిలిచే ఆయన, మా అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు. మా అత్త ముందే ఏడుపు మొదలుపెట్టింది.

"ఇగో చూడు బిడ్డా," అన్నాడు పెద్దయ్య. "ఆపతికాలంల చేసినవు, మంచిదే. ఇప్పుడు ఇంక జాలు. బజార్ల మరాఠోళ్ళు, తురకలు అందరు చూస్తున్నరు. మన ఇజ్జతేమైతది?"

వదిన తల మీద కొంగు సర్దుకుంది. గొంతు పెంచలేదు. "పెద్దయ్యా, ప్లేగు దినాలల్ల మీ గుడిసెకు ఉప్పు తెచ్చింది గీ సైకిలే గదా. అప్పుడు లేని ఇజ్జతు ఇప్పుడు యాడికెల్లి అచ్చింది?"

అంతలో ఎదురింటి తలుపు వెనక నుంచి ఆయన భార్య, మా పెద్దమ్మ, మెల్లగా అంది: "ఏమే, రేపు పోయేటప్పుడు మాకింత ఇంగువ తేవాలె. మరిచిపోకు."

పెద్దయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఇంగువ వచ్చింది.

ఆమె అలవాట్లు రాద్దామంటే దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదు. చెప్పులతో కాలు జారుతుందని వట్టి కాళ్ళతో తొక్కేది. ఎండాకాలంలో కాలకుండా పెడళ్ళకు పాత గుడ్డలు చుట్టేది. బుట్టలో అడుగున బెల్లం, పప్పులు, వాటి మీద కూరగాయలు, అన్నిటికంటే పైన తడిగుడ్డలో కొత్తిమీర. ఒక్కో ఇంటి సరుకు ఒక్కో రంగు గుడ్డలో మూట కట్టేది. మాది పచ్చ గుడ్డ. ఎవరి మూటలోంచీ వేరుశనగ గింజ కూడా నోట్లో వేసుకునేది కాదు గానీ, అడగనిది ఏదో ఒకటి మాత్రం తెచ్చేది. బాలింత ఉన్న ఇంటికి సోంపు. మొగుడితో తగవు పడిన కోడలికి జామకాయ. "కొరికి తిను, కోపం పండ్ల సందులకెల్లి పోతది" అనేది.

కూరలమ్మే మాళీణితో మరాఠీలో, సేఠ్‌తో దక్కనీలో, ఇంటికొచ్చి మాతో తెలుగులో తగాదా పడేది. సైకిలుతో కూడా తగాదా పడేది. గోదావరి వైపు నుంచి ఎదురుగాలి కొట్టే రోజుల్లో, ఇవాళ వద్దులే వదినా అంటే, "గాలి ఉన్నదని ఇంట్ల కూసుంటె గాలికేం నష్టమే? పొయ్యికి నష్టం" అని కొంగు నడుముకు బిగించేది.

దేశాల మధ్య లడాయి మొదలై గ్యాసునూనె దొరకని రోజుల్లో ఆమె తెల్లారకముందే వరసలో నిలబడి తెచ్చింది. మా అత్త ఆఖరి జబ్బులో మంచాన పడినప్పుడు, కూతురి చేతి బత్తాయిపండు రసం తాగుతూ, "నువ్వు ఆ బండి మీద పోతుంటె యాడ పడుతవో అని నాకు బుగులు ఉండె బిడ్డా. సిగ్గు గాదు, బుగులు. అది జెప్పరాక తిట్టిన" అంది. వదిన ఆమె మూతి తుడిచి, దిండు సర్ది, పక్క గదిలోకి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే.

శుక్రవారం బండిలోంచి ఆమెను దించి చాప మీద పడుకోబెట్టారు. అన్నయ్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "ఎచ్చగనే ఉన్నది. జర ఆగుండి. ఎండకు సొమ్మసిల్లింది, గంతే" అంటున్నాడు. వైద్యుడు వచ్చి చూసి వెళ్ళాక కూడా అదే మాట. "జర ఆగుండి. తొందరేముంది?" ఎవరూ ఆయన చేతిని విడిపించలేకపోయారు. మేమంతా ఆగాం. ఆగితే లేస్తుందేమోనని నాక్కూడా అనిపించింది. అంత వరకూ మనిషి చనిపోతే ఏడుపు దానంతటదే వస్తుందనుకునేదాన్ని. ఆ పూట సందులో ఎవరికీ ఏడుపు రాలేదు. ఒకరి ముఖం ఒకరం చూస్తూ నిలబడ్డాం.

గోదావరి ఒడ్డు నుంచి మగవాళ్ళు తిరిగి వచ్చాక కూడా బుట్టలోని సరుకు అట్లాగే ఉంది. ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి పెద్దమ్మే కర్ర ఊతంగా వచ్చింది. పెద్దయ్య పోయి చాలా కాలమైంది, ఆమెకు చూపు మందగించింది. "తెచ్చిన సామాను పాడువెడితె దానికి మంచిగనిపియ్యది" అని ఒక్కో మూటా తీసి, రంగు అడిగి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. పచ్చ గుడ్డలో సేఠే పోసి కట్టిన నా శనగపప్పు, చింతపండు ఉన్నాయి. వాటితో పాటు నేను అడగని కుంకుడుకాయలు గుప్పెడున్నాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నిన్న సందులో ఎవరి ఇంట్లోనూ కూర లేదు. మగవాళ్ళు పనులకు వెళ్ళిపోయారు. ఎవరు మొదట అన్నారో తెలియదు, మేమే పోదామన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నేను మోండా బజారు మొహం చూడలేదు. ఇతవారాకు ఏ వైపు తిరగాలో కూడా మాలో ఎవరికీ సరిగా తెలియదు. చేతిసంచులు పట్టుకుని, తల మీద కొంగు దించుకుని, పెద్దమ్మను మధ్యలో పెట్టుకుని బయలుదేరాం. పెద్ద రోడ్డు మీదకు వచ్చేసరికి టాంగాలు, పత్తి బండ్లు, అరుపులు. అందరం అక్కడే ఆగిపోయాం. ఒక బండివాడు మమ్మల్ని చూసి ఎడ్ల పగ్గాలు బిగించాడు. "జా మాయ్, జా" అని, దాటమని చెయ్యి ఊపాడు. ఒకరి కొంగు ఒకరం పట్టుకుని, ఎండలో, ఆ నిలిచిపోయిన ఎడ్ల కొమ్ముల ముందు నుంచి రోడ్డు దాటడం మొదలుపెట్టాం.